ఏం తాగావని అందరం అడిగాం

రక్తం ఎర్రగా ఉంటుందని మీకు ఎవరు చెప్పారు? నవ్వకండి. ల్యాబు పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా కోరుట్లలో మా ఇంటికి వస్తే నేను ముందు అడిగేది ఇదే. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రిటైరయ్యాక ఈమెకు తిక్క పెరిగిందని అనుకుంటారు కాబోలు, అనుకోనీ. ఉద్యోగమంతా రక్తం చూస్తూనే గడిపినా, సిరిసిల్ల దవాఖానలో ఆ అమ్మాయి వచ్చేదాకా ఆ ప్రశ్న నాకూ తట్టలేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా జగిత్యాలలో మొదలుపెట్టాను. కోరుట్లలో చాలా ఏళ్ళు చేశాను. ఆఖరి పోస్టింగు సిరిసిల్ల. మూడు ఊళ్ళలోనూ దవాఖాన గోడల రంగు వేరు కానీ, స్ట్రెచర్ మీద మనిషిని దించగానే అడిగే మొదటి మాట ఒకటే. "ఏం తాగినవ్?" మా వైపు ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళను చూసీ చూసీ మా నోళ్ళకు అలవాటైపోయింది. జ్వరంతో వచ్చినవాళ్ళను కూడా ఒక్కోసారి అలాగే అడిగేవాళ్ళం.

అది ఎండాకాలం. కొండగట్టు అంజన్న మాలలు వేసుకునే రోజులు. మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. ఒకామె తనకంటే చిన్నదైన అమ్మాయిని చంకకింద చెయ్యేసి దించుతోంది. వెనక కాషాయం బట్టలు, మెడలో మాల, ఒట్టి కాళ్ళతో ఒక మనిషి. దించుతున్నామె పేషెంటుకు యారాలు, అంటే భర్త అన్నగారి భార్య. మాల వేసుకున్నవాడు భర్త. పేషెంటు మొహం చూసి నేను ల్యాబు గుమ్మంలోనే ఆగిపోయాను. పెదవులు నేరేడు పళ్ళు తిన్నట్టున్నాయి. గోళ్ళు కూడా అంతే.

మా స్టాఫ్ నర్సు చాలా అనుభవం ఉన్న మనిషి, ముక్కూ నోరూ రెండూ పదునే. ఆమె మొదట ఏమీ కంగారుపడలేదు. సిరిసిల్ల మగ్గాల ఊరు, అక్కడ రంగు నూలు పట్టే చేతులకు, పెదవులకు రంగు అంటడం వింత కాదు. తడి దూది తీసుకుని అమ్మాయి పెదవుల మీద గట్టిగా రుద్దింది. దూది తెల్లగానే వచ్చింది. ఇంకోసారి రుద్దింది. అప్పుడు మాత్రం సిస్టర్ మొహం మారింది.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు, మంచివాడు, ఏదైనా తేలకపోతే తనలో తాను మాట్లాడుకునే అలవాటు. గుండె చూశాడు, ఊపిరితిత్తులు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయన్నాడు. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టారు. తక్కువ చూపించింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. అంకె కదలలేదు. గొట్టం మార్చారు, సిలిండర్ మార్చారు, క్లిప్పు మార్చారు. అంకె మొండికేసి అక్కడే కూర్చుంది.

"మనిషి ఊపిరి మంచిగనే తీస్తుంది. మరి గాలి ఎటు పోతుంది?" అని డాక్టరు తనలో తాను గొణిగాడు. ఆయన్ను చూస్తే నాకు భయమేసింది. డాక్టరుకు తెలియకపోతే మనం ఎవర్ని అడగాలి?

ఇక సిస్టర్ అందుకుంది. "ఏం తాగినవ్ బిడ్డా? నిజం చెప్పు. చెప్తెనే మందు ఇయ్యస్తది."

"ఏం తాగలే సిస్టర్. తల పలుగుతుంది గంతే."

"ఇంట్ల లొల్లి అయిందా?"

"లే సిస్టర్. అంజన్న మీదొట్టు, నేనేం తాగలే."

సిస్టర్ వంగి ఆమె నోటి దగ్గర వాసన చూసింది. "కల్లు తాగలే?"

ఆ అమ్మాయి కళ్ళు తలుపు వైపు పరుగెత్తాయి. తలుపు అవతల భర్త ఉన్నాడు. "మెల్లగ సిస్టర్. స్వామి ఇంటడు," అంది.

మాల వేసుకున్నవాళ్ళను స్వామి అని పిలవాలి, కట్టుకున్న భార్య అయినా సరే. ఆయన కూడా దీక్షలో ఉన్నన్నాళ్ళూ ఎదుటి మగవాళ్ళను స్వామి అనీ, భార్యను మాత అనీ పిలుస్తాడు. ఇంట్లో ఒకరు మాల వేస్తే ఇల్లంతా నియమం. కల్లు లేదు, నీసు లేదు. ఈమె తలనొప్పి తట్టుకోలేకపోతుంటే, చల్లగా ఉంటుందని యారాలు చాటుగా కల్లు పోసింది. అదీ సంగతి. చిన్న విషయం, మామూలు ఇంటి దొంగతనం. కానీ దవాఖానలో ఒక అబద్ధం దొరికితే ఆ మనిషి ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు. కల్లు దాచిన మనిషి మందు దాచదా అని సిస్టర్ నాతో అంది. నేనూ తలూపాను.

అలా అది పోలీసు కేసు దాకా వెళ్ళింది. మా దవాఖాన ఔట్‌పోస్టులో ఒక కానిస్టేబుల్ ఉండేవాడు. మనిషి నెమ్మది, బూట్లు మాత్రం మొహం చూసుకునేంత మెరుపు. ఫినాయిలు వాసన తర్వాత మా వార్డులో వచ్చేది ఆయన బూటు పాలిష్ వాసనే అని మేం ఆటపట్టించేవాళ్ళం. ఆయన వచ్చి మంచం పక్కన నిలబడి అదే ప్రశ్న అడిగాడు. ఆ అమ్మాయి అదే జవాబు చెప్పింది. ఆయన బయటికి వెళ్ళి భర్తను అడిగాడు.

"భార్యతోటి ఏమన్న లొల్లి అయిందా స్వామి?"

"మాతతోటి నాకేం లొల్లి స్వామి?"

నవ్వు వచ్చే సందర్భం కాదు, అయినా సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరు స్వాములు ఒకరినొకరు గౌరవించుకుంటూ ఒక ఆత్మహత్యాయత్నం గురించి మాట్లాడుకుంటున్నారు.

అప్పుడే నేను రక్తం తీశాను. ఇక్కడే నా పని, అందుకే కాస్త వివరంగా చెబుతాను. సిరంజిలోకి వచ్చింది చూసి నా చెయ్యి ఆగింది. చింతపండు పులుసు రంగు. నరంలో రక్తం కొంచెం నల్లగానే ఉంటుంది, అది మీకూ తెలుసు. కానీ గాలి తగిలితే ఎరుపు తిరుగుతుంది. ఇది తిరగలేదు. గొట్టంలో ఏదో కలిసిందనుకున్నాను. సిరంజి మార్చి, రెండో చేతి నుంచి తీశాను. మళ్ళీ అదే పులుసు. ఒక్క క్షణం నా కళ్ళే పోయాయేమోనని అనుమానం వచ్చింది.

ఫిల్టర్ కాగితం ముక్క తీసుకుని ఆమె రక్తం ఒక చుక్క వేశాను. దాని పక్కన ఏం వెయ్యాలో తోచలేదు. చివరికి నా వేలు నేనే పొడుచుకుని నా చుక్క వేశాను. ఫ్యాను కింద పెట్టి చూస్తూ కూర్చున్నాను. నాది కుంకుమలా మెరిసింది. ఆమెది బెల్లం పాకంలా ఉన్నచోటే ఉండిపోయింది. పక్కపక్కన ఆ రెండు చుక్కలు చూస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో చాలాసేపు చూశాడు. "ఇది చదివిన మేడం. ఒక్కటే లైన్ గుర్తున్నది," అని తన గురువుకు ఫోన్ చేశాడు. మాట్లాడి వచ్చి మాకు అర్థమయ్యేలా చెప్పాడు. రక్తంలో గాలిని మోసే గంపలు ఉంటాయి. ఏదో విషం ఆ గంపలను పాడుచేసింది. గంపలు అలాగే ఉన్నాయి కానీ గాలిని వదలాల్సిన చోట వదలవు, పట్టాల్సిన చోట పట్టవు. అందుకే ఎంత ఆక్సిజన్ పెట్టినా మనిషి నీలంగానే ఉంది.

"ఏం విషం సార్?" అన్నాను.

"శానా ఉన్నయ్ మేడం. కొన్ని రంగులు, కొన్ని గోలీలు, ఎరువులు కలిసిన బాయినీళ్ళు. ఏదో నాకు సమజైతలేదు."

విరుగుడు పేరు చెప్పగానే అందరం ఇంకా అయోమయంలో పడ్డాం. అది నీలం మందు, మిథిలీన్ బ్లూ. సిస్టర్ నోరెళ్ళబెట్టింది. "నీలం పడ్డ మనిషికి నీలం ఎక్కిస్తరా సార్?" నాకైతే ఆ పేరు బాగా తెలుసు. స్లైడ్లకు రంగు వేసే సీసా నా అలమరలోనే ఉంది. ఆత్రంగా తెస్తానన్నాను. డాక్టరు చేతులు అడ్డం పెట్టాడు.

"మేడం, ఆగండి! అది అద్దం పలకలకు. నరంలకు ఎక్కించేది వేరే, శుద్ధమైంది. అది గూడ జర ఎక్కువైతే మళ్ళ నీలమే పడుతదట."

మందే కాస్త ఎక్కువైతే జబ్బు అవుతుందట. విషం ఏది, మందు ఏది అన్న గీత నా బుర్రలో అప్పటిదాకా చాలా స్పష్టంగా ఉండేది. ఆ రోజు అది చెరిగిపోయింది, మళ్ళీ సరిగ్గా గీసుకోలేకపోయాను.

ఆ మందు ఎక్కించకుండా పెద్ద దవాఖానకు కదిలించవద్దని గురువుగారు చెప్పారు. కరీంనగర్‌లో మందు దొరికింది. అక్కడ ఎవరో ఆర్టీసీ బస్సు కండక్టరు చేతికిచ్చారు. మా వార్డుబాయ్ బస్టాండులో నిలబడి అందుకుని వచ్చాడు. డాక్టరు తనే కూర్చుని నెమ్మదిగా ఎక్కించాడు. మేం ఆమె పెదవులనే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి నేరేడు రంగు విరిగింది. ఆమె కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. సిస్టర్ దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత మూత్రం పచ్చగా నీలంగా వచ్చేసరికి యారాలు వార్డంతా దద్దరిల్లేలా అరిచింది. అది మందు రంగేనని చెప్పి ఊరుకోబెట్టడానికి మాకు తలప్రాణం తోకకొచ్చింది.

కథ ఇక్కడ అయిపోతే నేను మీకు చెప్పేదాన్ని కాదు. మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఆమె పెదవులు మళ్ళీ నీలం.

ఇప్పుడు అందరి ఆలోచనా ఒకే దారి పట్టింది. దవాఖానలో మందు ఎక్కి బాగుపడిన మనిషి దవాఖానలోనే మళ్ళీ విషమెక్కితే ఏమనుకోవాలి? ఎవరో లోపలికి తెచ్చి పెడుతున్నారు. జావ తెచ్చింది యారాలు. వరండాలో నేల మీద పడుకున్నది భర్త. మంచం దగ్గరికి ఎవర్నీ రానివ్వవద్దని కానిస్టేబుల్ అన్నాడు. భర్తను మళ్ళీ ప్రశ్నించాడు. ఈసారి నేను అక్కడే ఉన్నాను.

ఆయనది సాంచలు, అంటే మరమగ్గాలు నడిపే కుటుంబమే. పని తగ్గాక చలికాలంలో మల్యాల వైపు మామిడి తోటలకు పోవడం మొదలుపెట్టాడు. కాపలా, మందు కొట్టడం, కాయ కోయడం అన్నీ చేస్తాడు.

"తోటల మందులు కొడ్తవా స్వామి?"

"కొడ్త."

"ఇంట్ల మందు డబ్బలు ఉన్నయా?"

"లెవ్వు స్వామి. పురుగుల మందు నేను ఇంట్లకు తేను. పిల్లలున్న ఇల్లు."

ఆయన కళ్ళలోకి చూస్తే నిజమే చెబుతున్నట్టుంది. కానీ ముందురోజు భార్య కళ్ళు కూడా అలాగే ఉన్నాయి కదా. కానిస్టేబుల్ గొంతు తగ్గించి, "స్వామీ, జర స్టేషన్ దాంక రావాలె," అన్నాడు. ఆయన ఏమీ వాదించలేదు. ఒక్కసారి వార్డు వైపు చూసి, ఒట్టి కాళ్ళతో ఆయన వెంట నడిచాడు. కాషాయం బట్టల్లో మనిషిని పోలీసు తీసుకుపోతుంటే ఓపీ లైన్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఇక అతని వాడలో ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు.

లోపల ఆ అమ్మాయి లేవబోయి పడింది. "ఆయన పెట్టలే సిస్టర్! ఎవలూ ఏం పెట్టలే. నేను తాగలే. ఎట్ల చెప్తె నమ్ముతరు?" అని ఏడుస్తోంది. ఊపిరి అందక మాట మధ్యలో తెగిపోతోంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆమె అబద్ధమాడుతుంటే ఆమె మీద, నిజం చెబుతుంటే మా మీద. డాక్టరు రెండో ఇంజెక్షన్ సిద్ధం చేస్తూ, అసలు విషం ఏదో తెలియకుండా ఎన్నిసార్లు ఎక్కించగలం అని గొణుక్కున్నాడు. ఎక్కువైతే మళ్ళీ నీలమేనన్న మాట అందరి మనసులోనూ ఉంది.

మళ్ళీ రక్తం తియ్యమన్నాడు. నేను మంచం దగ్గర కూర్చున్నాను. బూటు పాలిష్ వాసన వచ్చింది. మామూలేగా అనుకుని చేతికి రబ్బరు కట్టాను. సూది పెట్టబోతూ ఆగాను. కానిస్టేబుల్ ఇక్కడ లేడు. స్వామితో స్టేషన్‌కు పోయాడు. మరి ఈ బూట్లు ఎవరివి?

సిస్టర్‌ను పిలిచాను. "నీ ముక్కు పెట్టి చూడు," అన్నాను. ఆమె మంచం కింద చూసింది, అమ్మాయి చేతులు వాసన చూసింది, జడ వాసన చూసింది. తల దగ్గరికి వచ్చేసరికి అదే పాలిష్ వాసన గుప్పుమని ముక్కు మూసుకుంది. మా దవాఖానలో దిండ్లు ఉండవని మీకు చెప్పాలా? వచ్చినవాళ్ళు ఏదో ఒక గుడ్డ మడిచి తలకింద పెట్టుకుంటారు. ఈమె తలకింద ఉన్నది ముతక దుప్పటి ముక్క, జిడ్డుగా, బరువుగా ఉంది.

"గిదేంది?" అంది సిస్టర్.

"నా ఒడిగుడ్డ సిస్టర్. పనికి కూసున్నప్పుడు ఒళ్ళె ఏసుకుంట. అచ్చేటప్పుడు నడుముకే ఉండె. మా యారాలు ఇప్పి తలకింద పెట్టింది."

"ఏం పని?"

ఏం పని చేస్తావని ఆ మనిషిని అడగడం అదే మొదటిసారి. ఆమె చెప్పింది. సాంచల మీద నేసిన లంగాల గుడ్డకు మిషను ఆయిలు మరకలు పడతాయి. తెల్లగుడ్డ మీద నల్లమరక ఉంటే ఆసామి, అంటే పని ఇచ్చే యజమాని, తీసుకోడు. ఆ మరకలు తుడిచే పని ఇంటికి తెచ్చుకుని చేసుకుంటారు. ఇదివరకు కిరసనాయిలుతో తుడిచేవారు. రేషన్‌లో కిరసనాయిలు రావడం మానేసింది. ఒకరోజు చేతికి దొరికిన సీసాలోది నీళ్ళలో కొద్దిగా వేసి చూసింది. నీళ్ళు పాలలా అయ్యాయి. మరక మీద రుద్దితే కిరసనాయిలు కంటే బాగా వదిలింది, గుడ్డకు మచ్చ కూడా పడలేదు.

"ఏం సీస?"

"పూత మందు. మామిడి చెట్లకు కొడ్తరు, పూత మంచిగ రావాలెనని. స్వామి తెచ్చింది, మిగిలింది."

"మందు ఇంట్ల లేదని చెప్పిండు గద నీ మొగడు!"

"మందు లేదు సిస్టర్. అది పురుగుల మందు కాదు, చెట్ల టానిక్."

సిస్టర్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరి నిన్నటి సంది అడుగుతున్నం, గీ ముచ్చట ఎందుకు చెప్పలే?"

ఆ అమ్మాయి నిజంగా తెల్లబోయి చూసింది. "మీరు ఏం తాగినవని అడిగిండ్రు. నేను తాగలే. గుడ్డలు తుడిచిన. గుడ్డలు తుడిస్తె నోట్లెకు ఎట్ల పోతది?"

విషానికి నోరొక్కటే గుమ్మం అని నేనూ అనుకున్నాను, చదువుకున్న డాక్టరూ అనుకున్నాడు, పోలీసూ అనుకున్నాడు. చర్మం కూడా తాగుతుందని, తడి గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఒళ్ళంతా నోరేనని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. పైగా తెల్లగుడ్డ మీద వాడలోని దుమ్ము పడకూడదని ఆమె ఎండాకాలంలో తలుపులు వేసుకుని కూర్చునేదట. వాసన కూడా బయటికి పోయే దారి లేదు.

యారాలు ఇంటికి పోయి సీసా తెచ్చింది. దాని మీద పూసిన మామిడి కొమ్మ బొమ్మ. చక్కని బొమ్మ. పుర్రె లేదు, ఎముకలు లేవు. డాక్టరు చిన్న అక్షరాలు చదివి నైట్రోబెంజీన్ అన్నాడు. గురువుకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు ఎంత గట్టిగా అరిచిందంటే, అదేనని మాకు ఇక్కడికే అర్థమైంది.

ఒడిగుడ్డను ప్లాస్టిక్ కవరులో కట్టి బయట పెట్టాం. అమ్మాయి చీర విప్పించి, సబ్బుతో తలారా స్నానం చేయించాం. సిస్టర్ తన బీరువాలో దాచుకున్న చీర తెచ్చి కట్టింది. కిటికీలన్నీ తెరిచాం. రెండో ఇంజెక్షన్ ఎక్కింది. ఈసారి రంగు విరిగి అలాగే నిలిచింది. రెండోసారి నీలం పడింది ఆ గుడ్డ వల్లేనా, ఒంట్లో దాగింది మళ్ళీ బయటపడిందా అని డాక్టరును అడిగాను. రెండూ అయ్యుండొచ్చన్నాడు. కల్లు కూడా దీన్ని ముదరగొడుతుందని చదివిన గుర్తుందన్నాడు, ఖాయంగా చెప్పలేనన్నాడు. ఆయనలో నాకు నచ్చింది అదే. తెలియనిది తెలియదని చెప్పేవాడు.

భర్త స్టేషన్ నుంచి తిరిగి వచ్చాడు. కానిస్టేబుల్ వెంటే ఉన్నాడు, తల దించుకుని. రాగానే సిస్టర్ కానిస్టేబుల్‌కు అడ్డం వెళ్ళింది. బూట్లకు పాలిష్ తగ్గించుకోమని చెప్పింది, ఎందుకో చెప్పలేదు. భర్త మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. అమ్మాయి మొహం గోడకు తిప్పుకుంది.

"స్వామీ, ఒక తప్పు చేసిన," అంది మెల్లగా.

"కల్లేనా? నాకు ఎరికే మాత. ఆటోలనే వాసన అచ్చింది."

"మరి పోలీసాయనకు చెప్పకపోతివి? అక్క పోసిందని చెప్తె నిన్ను ఇడిచిపెడుదురు గద."

"చెప్తె అక్కను తీస్కపోదురు," అన్నాడు. నేను ట్రే సర్దుకుంటూ అక్కడే చాలాసేపు తచ్చాడాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నా తల తిరిగిపోయింది. యారాలు కూడా అదే పని చేస్తుంది. అదే సీసా, అవే లంగాల గుడ్డలు. కాకపోతే చూపు ఆనదని గడప దగ్గర వెలుతురులో కూర్చుంటుంది. కల్లు తోటికోడలి కంటే తనే ఎక్కువ తాగుతానని తనే గర్వంగా చెప్పింది. డాక్టరుకు భయం పట్టుకుంది. ఆమె రక్తం కూడా చూడమన్నాడు. వేలు పొడిచి కాగితం మీద చుక్క వేశాను. గాలి తగలగానే నా చుక్కలాగే ఎర్రగా మెరిసింది. అదే విషం, అదే ఇల్లు, ఒకరు చావు దాకా పోతే ఒకరికి తలనొప్పి కూడా లేదు. గాలి వల్లనా, ఒంటి తత్వం వల్లనా, చేతి తడి వల్లనా? డాక్టరు భుజాలెగరేశాడు. పరీక్ష చేసి మంచిపని చేశామనుకున్నాం. కానీ ఆమె ఆ కాగితం పట్టుకుని వార్డంతా చూపించడం మొదలుపెట్టింది.

"సూడుండ్రి నా నెత్తురు ఎంత మంచిగున్నదో! అది వట్టిగనే నాజూకు మనిషి. నాకైతె ఏం కాలే. రేపు ఆసామి గుడ్డలు అడుగుతడు, జల్ది పోవాలె," అంటూ మామిడి కొమ్మ బొమ్మ ఉన్న సీసా అందుకుని చంకలో పెట్టుకుంది.

వద్దని డాక్టరు చెప్పాడు. సిస్టర్ తిట్టింది. నేను బతిమాలాను. మేం ఒక్కొక్కరం ఒక్కొక్కటి చెబుతుంటే ఆమె మా ముందు కాగితం ఆడించింది. దాన్ని ఆమె చేతికిచ్చింది మేమే.

మంచం మీది అమ్మాయి అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉంది. చెయ్యి చాపి యారాలి కొంగు పట్టుకుంది.

"అక్కా, నా నెత్తురు గూడ మొన్నటిదాంక ఎర్రగనే ఉండె గద," అంది.

యారాలు ఆగిపోయింది. కాగితం వైపు చూసుకుంది, అమ్మాయి పెదవుల వైపు చూసింది. చంకలోని సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఆ చేతిని చీరకు తుడుచుకోబోయి, మళ్ళీ అనుమానం వచ్చి గాలిలోనే పట్టుకుని నిలబడింది. తర్వాత మా వైపు తిరిగింది. గొంతులో జోరంతా పోయింది.

"మంచిదే. మరి రేపు మరకలు దేంతోని తియ్యాలె?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను సిస్టర్ వైపు చూశాను. కిరసనాయిలు దొరకదు, దొరికినా అది మాత్రం అమృతమా? సబ్బుకు ఆ జిడ్డు పోదట. నా ల్యాబు చేతొడుగులు ఇస్తానన్నాను. అవి వేసుకుంటే గుడ్డ పట్టు దొరకదని అంది. ఆమె ఇంకా చెయ్యి గాలిలోనే పట్టుకుని, మేం ఏదో ఒకటి చెబుతామని ఎదురుచూస్తూ నిలబడి ఉంది.